రంగం నుంచి ఎగువకు

రంగూన్ రేవులో దిగిన తెలుగువాడికి ఇరావతి కనపడదు. ఆ ఊరున్నది హ్లైంగ్ నది ఒడ్డున. అసలు ఇరావతిని చూడాలంటే ట్వాంటే కాలువ పట్టుకుని పడమరకు పోవాలి. మనవాళ్ళలో చాలామందికి పోవాల్సిన పని పడలేదు. కాకినాడలోనో విశాఖలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి, డెక్కు మీద వాంతులు చేసుకుంటూ వచ్చినవాడికి రేవే లోకం. బియ్యం బస్తాలు మొయ్యడం, మిల్లులో ధాన్యం ఎత్తడం, రిక్షా లాగడం, దొడ్లు ఊడ్వడం. పొద్దున మేస్త్రీ పిలిస్తే పని, రాత్రికి పదిమందికి ఒక గది. మా శ్రీకాకుళం వైపు ఆ ఊరిని రంగం అంటారు. ఫలానావాడు రంగం పోయాడంటే అప్పు తీర్చడానికి పోయాడని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. 1942లో ఆ మనుషులే ఇరావతిని వెతుక్కుంటూ బయల్దేరి, ఏటికి ఎదురుగా ఎగువకు పోయారు.

భయం వాళ్ళకు కొత్త కాదు. 1930 మేలో రేవు కూలీలు, అంటే ఎక్కువగా తెలుగువాళ్ళు, కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ చోట్లో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలిపోగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. 1938లో మళ్ళీ అల్లర్లు. రెండు పేద జాతులను ఒకే బస్తా కింద పెట్టి తమాషా చూసినవాళ్ళ పేర్లు ఆ కొట్లాటల కథల్లో వినపడవు. రెండుసార్లూ కొందరు ఓడెక్కి ఊరొచ్చేశారు, వేడి చల్లారాక మళ్ళీ వెళ్ళారు. ఊళ్ళో అప్పు అలాగే ఉంది మరి.

అందుకే 1941 డిసెంబరు 23న జపాను విమానాలు వచ్చినప్పుడు పారిపోదామా వద్దా అన్న లెక్క అంత తేలిగ్గా తేలలేదు. ఆ ఉదయం జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయారట. బాంబు అంటే ఏమిటో ఎవరికి తెలుసు? వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. రెండు రోజులకే, క్రిస్మస్ నాడు, మళ్ళీ వేశారు. అప్పుడు కదిలింది జనం, ప్రోమ్ రోడ్డు మీదుగా ఉత్తరానికి. కానీ కూలీలు పోతే రేవు ఆగిపోతుంది, రేవు ఆగితే యుద్ధ సామగ్రి దిగదు. సర్కారు వాళ్ళను బుజ్జగించి వెనక్కి తెచ్చింది, ఊరి బయట పాకలు వేయించింది. చాలామంది తిరిగొచ్చారు. వాళ్ళను అమాయకులనడానికి నాకు నోరు రాదు. రెండు నెలల కూలి మేస్త్రీ దగ్గరుంది. పోస్టాఫీసులో నాలుగు రూపాయలున్నాయి. ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంది. ప్రాణభయం ఒక్కటే అయితే ఏ రాత్రికి ఆ రాత్రి లేచిపోవచ్చు. ప్రాణంతో పాటు ఇవన్నీ కూడా లేవాలి.

ఓడల సంగతి చూస్తే, టిక్కెట్టు కావాలి, కలరా సూది వేయించుకున్నట్టు కాగితం కావాలి, ఆ రెండూ ఉన్నా ముందు వరసలో నిలబడే అంతస్తు కావాలి. డబ్బున్న కుటుంబాలు జనవరిలోనే మద్రాసు, కలకత్తా చేరాయి. మార్చి 8న జపాను సేన రంగూన్‌లో అడుగుపెట్టేసరికి మిగిలినవాళ్ళకు మిగిలింది నేలదారే.

ప్రోమ్ దగ్గర ఇరావతి మొదటిసారి ఎదురవుతుంది. రంగూన్ నుంచి రైలు అక్కడి దాకా 1877 నుంచే ఉంది. ఏటి అవతల పడౌంగ్, అక్కడినుంచి అరకాన్ కొండలు ఎక్కి దిగితే టౌంగుప్ అనే సముద్రపు పల్లె, అక్కడ పడవ దొరికితే అక్యాబ్, అక్యాబ్ నుంచి చిట్టగాంగ్. కాగితం మీద దగ్గరిదారి. ఆ నూట పది మైళ్ళ కొండదారిలో నీళ్ళు లేవు. ప్రోమ్ ఏటి ఒడ్డున జనం దాటడానికి రోజుల తరబడి కాచుక్కూర్చున్నారు, అక్కడే కలరా పుట్టింది. అది వాళ్ళతో పాటే కొండెక్కింది. నీటి ఊట ఎక్కడుంటే అక్కడే ఎక్కువ శవాలు పడ్డాయి. దాహంతో పాక్కుంటూ వచ్చినవాళ్ళు ఊట దగ్గరే పోయారు, వాళ్ళ వెనక వచ్చినవాళ్ళు ఆ నీళ్ళే తాగారు. ఈ దారిన లక్షమందికి పైనే వెళ్ళారని అంచనా.

టౌంగుప్ దారి మూసుకుపోయాక ఇక నది వెంట ఎగువకే. యెనాంజౌంగ్ చమురు బావులను ఏప్రిల్ మధ్యలో బ్రిటిష్‌వాళ్ళే తగలబెట్టారు. ఎవరికీ దక్కకుండా పోతే చాలనుకున్నారు. మాండలే శిబిరాల్లో వేలాది జనం రైలు కోసం, స్టీమరు కోసం, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి చెబుతారని ఎదురుచూస్తూ ఉండగా ఏప్రిల్ 3న, గుడ్‌ఫ్రైడే నాడు, అక్కడా బాంబులు పడ్డాయి. ఆ నెల 30న ఇరావతి మీది అవా వంతెనను పేల్చేశారు. ఇరావతి ఫ్లోటిల్లా కంపెనీ తన స్టీమర్లను తానే ముంచేసుకుంది. అంతకుముందు దాటినవాడు దాటాడు. అందనివాళ్ళలో చాలామంది ఇంకా ఉత్తరానికి పోయి, మిచినా మీదుగా హుకాంగ్ లోయలో వానల్లో పడ్డారు. ఆ దారి కథ వేరే, అది ఇంతకన్నా ఘోరం. మే నెల బురదలో అటు వెళ్ళినవాళ్ళను లీడో వైపు నుంచి అస్సాం తేయాకు తోటల కూలీలు వెళ్ళి ఎత్తుకొచ్చారు. ఒక కూలీని ఇంకో కూలీ మోసుకొచ్చిన సంగతి మన పుస్తకాల్లో ఎక్కడా పెద్దగా కనపడదు.

మాండలే దిగువన, పకొక్కూ సమీపంలో, చిండ్విన్ వచ్చి ఇరావతిలో కలుస్తుంది. ఇంటికి పోయేవాడు ఇక్కడ పెద్ద ఏటిని వదిలి చిన్న ఏటిని పట్టుకోవాలి. మొనీవా దాకా రైలుంది, అక్కడినుంచి కలేవా దాకా స్టీమరు. కలేవా దాటితే కబా లోయ. మలేరియాకు పేరుమోసిన అడవి, తమూ దాకా తొంభై మైళ్ళు.

ఇక్కడి నుంచి మూటలు పలచబడతాయి. దారి పక్కన కుట్టుమిషన్లు, సైకిళ్ళు, ట్రంకు పెట్టెలు పడి ఉండేవని ఆ దారిన వచ్చినవాళ్ళందరూ చెప్పారు. మా ఊళ్ళో ఒక మామ్మ ఈ దారినే నడిచొచ్చింది. నా చిన్నప్పటికి ఆవిడకు చూపు సరిగా ఆనేది కాదు. వీధి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ కూర్చునేది. పులి కనపడిందా, బాంబు చూశావా అని మేం అడిగేవాళ్ళం. ఆవిడ చెప్పింది మాత్రం గిన్నె గురించి.

"బియ్యం ఉన్నోల్లకి గిన్నె నేదు, గిన్నె ఉన్నోల్లకి బియ్యం నేదురా నాయినా. నా కాడ గిన్నుండీది. అదే నన్ను అట్టుకొచ్చింది."

గిన్నె ఉన్న మనిషి చుట్టూ నలుగురు చేరేవారు. ఒకరి బియ్యం, ఒకరి ఉప్పు, ఒకరు కట్టెలు ఏరడం, ఒకరు పిల్లల్ని చూడడం. ఆ నలుగురూ ఏ ఊరువాళ్ళో, ఏ కులంవాళ్ళో రంగంలో ఉన్నప్పుడు అడిగే ఉంటారు. ఆ లోయలో అడగలేదట. ఆవిడ జట్టులో ఒక ఒరియా ముసలాయన, ఇద్దరు అరవ అన్నదమ్ములు ఉండేవారు. అన్నదమ్ములు గంజి మాత్రం విడిగా వంచుకునేవారని చెప్పి ఆవిడ నవ్వేది. గిన్నె అడుగున మాడు ఎవరికి అనే దగ్గర రోజూ తగాదా పడేదిట. భర్త మణిపూర్ వైపు పాలేల్ దాటాక విరేచనాలు పట్టుకుని పోయాడని మాత్రం ఆవిడ నోటినుంచి నేను వినలేదు, మా అమ్మ చెప్పింది.

తమూ దగ్గర దారి రెండయింది. పాలేల్ మీదుగా ఇంఫాల్‌కు పోయే దారిలో లారీలు, నీళ్ళు, మజిలీలు ఉన్నాయి. దానిమీద తెల్లవాళ్ళకు, ఆంగ్లో ఇండియన్లకు మొదటి చోటు. నల్లవాళ్ళ గుంపులను వేరే కొండదారుల్లోకి మళ్ళించారన్న ఆరోపణ అప్పుడే పెద్దగా వచ్చింది. 1942 వేసవిలో అలహాబాదులో కాంగ్రెసు దాన్ని తప్పుబడుతూ తీర్మానం కూడా చేసింది. అధికారులు మాత్రం రద్దీ, ఏర్పాట్లు, సైన్యం అవసరాలు అంటూ జవాబిచ్చారు. రద్దీ నిజమే. కానీ ఆ రద్దీలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది రంగును బట్టి తేలిందంటే దానికి ఏర్పాట్లు అని పేరు పెట్టడం నాకు కుదరదు.

ఆ దారి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తమూకు ఇవతల మన మణిపూర్ ఊరు మోరే. 1960లలో బర్మా నుంచి ఓడల్లో మద్రాసు చేరిన అరవవాళ్ళలో కొందరు అక్కడి శిబిరాల్లో ఇమడలేక, నడిచి మళ్ళీ బర్మా పోదామని వచ్చి, సరిహద్దు దాటనివ్వక మోరేలోనే ఆగిపోయారు. అక్కడ అంగాళ పరమేశ్వరి గుడి కట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం గద్దెనెక్కాక అటువైపు జనం మళ్ళీ ఇటు వచ్చారు. శిబిరాలు తెరవొద్దు, మర్యాదగా వెనక్కి పంపండి అని ఆ మార్చిలో మణిపూర్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చి, గోల కావడంతో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. పక్కనున్న మిజోరం మాత్రం వేలాది చిన్ కుటుంబాలను తన పల్లెల్లో పెట్టుకుంది.

ఇంఫాల్ చేరితే గండం గడిచినట్టే అనుకున్నారు 1942 జనం. మే 10న ఇంఫాల్ మీద బాంబులు పడ్డాయి, శిబిరాల పనివాళ్ళే పారిపోయారు. మళ్ళీ నడక. దీమాపూర్‌లో రైలు, పాండు దగ్గర పడవ మీద బ్రహ్మపుత్ర, అవతల ఇంకో రైలు, కలకత్తా. హౌరాలో మద్రాసు మెయిలు ఎక్కి చికకోల్ రోడ్డు స్టేషన్లో దిగాలి. మొత్తం బర్మా నుంచి ఇలా వచ్చిన భారతీయులు అయిదు లక్షల దాకా ఉంటారు. దారిలో పోయినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. అంచనాలు పది వేల నుంచి యాభై వేలకు, ఆ పైకి కూడా పోతాయి.

లెక్క లేకపోవడం సర్కారుకు పట్టలేదు గానీ ఇళ్ళల్లో పట్టింది. మనిషి ఏ తిథికి పోయాడో తెలిస్తే కదా తద్దినం పెట్టేది. అసలు పోయాడో లేదో తెలియని చోట ఆడమనిషి గాజులు తీయాలా, ఉంచుకోవాలా? ఉంచుకుంటే ఊరు ఒకటంటుంది, తీసేశాక అతను వస్తే? చికకోల్ రోడ్డులో ప్రతి మెయిలుకూ పోయి నిలబడ్డ ఇళ్ళు మా వైపు ఉండేవి. చివరికి కొందరు ఒక అమావాస్య చూసుకుని ఆ పని కానిచ్చేశారు.

దిగినవాళ్ళకు ఊరు మాత్రం ఏం క్షేమంగా ఉంది? ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. బాంబులకు జడిసి వచ్చినవాడికి, బాంబులకు జడిసి విశాఖ ఖాళీ చేస్తున్న జనం ఎదురొచ్చారు. ఊళ్ళో పొలం అన్నదమ్ములు దున్నుకుంటున్నారు. రంగం నుంచి వచ్చిన మనియార్డర్లతో కట్టిన ఇంట్లో రంగం నుంచి వచ్చిన మనిషికి చోటు వసారాలోనే. కబుర్లు చెప్పమని వారం రోజులు అందరూ చుట్టూ కూర్చున్నారు, ఎనిమిదో రోజున కూలికి ఎప్పుడొస్తావని అడిగారు.

అందుకే యుద్ధం ముగియగానే చాలామంది మళ్ళీ ఓడెక్కారు. మామ్మ పెద్దకొడుకు కూడా వెళ్ళాడు. తండ్రిని కొండల్లో వదిలి వచ్చిన కుర్రాడే, ఆ దేశానికే. ఆవిడ వద్దనలేదట. ఇక్కడ పనేది? 1948లో బర్మా స్వతంత్రమయ్యాక పౌరసత్వం కాగితాలు రాయించుకోమన్నారు. మనవాళ్ళలో చాలామంది రాయించుకోలేదు. ఏ దేశమని రాయాలో తేల్చుకోవడానికి టైముందిలే అనుకున్నారు. 1962లో సైన్యం వచ్చింది, 1963-64లో బ్యాంకులూ దుకాణాలూ జాతీయం అయ్యాయి, 1964 మేలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఈసారి నడవాల్సిన పని పడలేదు, భారత ప్రభుత్వమే ఓడలు పంపింది. బర్మా సర్కారు మాత్రం వెంట కొద్దిపాటి డబ్బు, కొద్దిపాటి నగలు తప్ప తేనివ్వలేదు.

మామ్మ కొడుకు భార్యతో, ముగ్గురు పిల్లలతో విశాఖ రేవులో దిగాడు. కంచరపాలెం వైపు అలా వచ్చినవాళ్ళుండే చోటును ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. కొన్నాళ్ళు అక్కడ ఉండి, తర్వాత మా ఊరు వచ్చారు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు గానీ చదివింది బర్మా బళ్ళో. మా ఊరి బడిలో మేష్టారు ముగ్గురినీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టి అ ఆలు దిద్దించారు. పెద్దవాడికి అప్పటికి పద్నాలుగేళ్ళు.