బండి దిగితే ఏం వండాలి?

రండి వదినా, ఇలా గోడ దగ్గరికి రండి. రాత్రి చినుకు పడింది, గోడ ఇంకా తడిగా ఉంది, చీర చూసుకోండి. కాఫీ తాగుతారా? వద్దా? వద్దన్నవాళ్ళకే ముందు పోస్తాను నేను.

ఒక చిక్కొచ్చి పడింది, మీరు తీర్చాలి. మన ఇళ్ళల్లో పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు చేస్తామా? అడుగులేస్తే అరిసెలు. గడప దాటితే గారెలు. పిల్లవాడి ఒంట్లో ఏ కీలు కదిలినా మన ఇంట్లో పొయ్యి వెలగాల్సిందే. అంత పకడ్బందీగా పెట్టిపోయారు పెద్దవాళ్ళు. ఒక్కటి మాత్రం వదిలేశారు. స్ట్రోలర్ దిగితే ఏం వండాలి?

వాళ్ళ తప్పేం లేదు లెండి. వాళ్ళ కాలంలో చంకే బండి. ఆ చంక దిగడానికి ముహూర్తం కూడా ఉండేది. తమ్ముడో చెల్లెలో పుట్టిన రోజు! చంకకు వారసుడొచ్చాడంటే పెద్దవాడు నేల మీదికి దిగాల్సిందే. ఎంత ఏడ్చినా అప్పీలు లేదు. ఇప్పుడు ఇంటికొక్కడాయె. వారసుడు రాడు, వీడు దిగడు.

వీడంటే ఎవరు? మా మనవడే. నాలుగున్నరేళ్ళు. ఇంట్లో వాడు నడవగా నేను చూడలేదు, పరుగే. మేడ మెట్లు రెండేసి ఎక్కుతాడు. పక్కింటి పిల్లిని వీధి చివరిదాకా తరుముతాడు. మీ పిల్లే అది, మీకు తెలుసు. అదే మనవడు ఊరు దాటుతున్నామంటే చాలు, "అవ్వా, కాళ్ళు నొస్తాండాయి" అంటాడు. ఈ మాట ఎక్కడంటాడనుకున్నారు? ధర్మపురి బస్టాండులో. ఇంకా బస్సే ఎక్కలేదు!

తమిళనాట పెరిగిన మా తెలుగు విని విజయవాడ చుట్టాలు నవ్వుతారు. నవ్వనీయండి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. మూడు భాషల్లోనూ మావాడికి కాళ్ళు నొస్తాయి.

ఆ స్ట్రోలర్ మా కోడలు కొన్నది. తోపుడు బండి అంటే దానికి కోపం. "అది ఉల్లిపాయలమ్మేవాళ్ళది అత్తా" అంటుంది. నిజమే, తేడా ఉంది. ఉల్లిపాయలు సాయంత్రానికైనా బండి దిగుతాయి.

ఈ బండి పుట్టుక తెలుసా మీకు? 1733లో ఇంగ్లండులో ఒక డ్యూకుగారి పిల్లల కోసం విలియం కెంట్ అనే తోటల శిల్పి చిన్న బండి ఒకటి తయారు చేశాడట. దాన్ని తోసేది కాదు, లాగేది. లాగడానికి మేకనో పొట్టి గుర్రాన్నో కట్టేవారు. ఇప్పుడు ఆ మేక స్థానంలో మా ఇంటాయన ఉన్నారు. ఆకులు వేసే పని లేదు కానీ, గంటకోసారి టీ కావాలి.

ఇప్పుడు మనం చూసే మడత బండి మాత్రం 1965 నాటిది. ఓవెన్ మాక్లారెన్ అని ఒక విమానాల ఇంజనీరు. యుద్ధ విమానం స్పిట్‌ఫైర్‌కు చక్రాల అమరికలో ఆయన చెయ్యి ఉంది. ఆకాశంలోకి లేచాక కాళ్ళు ముడుచుకునే విద్య తెలిసినవాడు, మనవరాలి బండిని గొడుగులా ముడవలేడా? ముడిచాడు. అదే 1965లో సేలం నుంచి విడదీసి మా ధర్మపురిని జిల్లా చేశారు. కాబట్టి మా జిల్లా, మడత బండి ఒక ఈడువే. ఆ జిల్లా కూడా 2004లో కృష్ణగిరిని చంక దించేసింది. మావాడొక్కడే దిగలేదు.

సరే, ఎన్నేళ్ళకు దింపాలి? పుస్తకం ఏమంటుందో అడుగుదామా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మాట చెప్పింది. ఐదేళ్ళ లోపు పిల్లలను బండిలో గానీ, కుర్చీలో గానీ, వీపున గానీ ఒక్క బిగిన గంటకు మించి కట్టి ఉంచొద్దని. వీపు కూడా వదల్లేదు చూశారా? మన ఉప్పుమూటకూ అదే రూలు! ఎప్పుడు దింపాలో మాత్రం చెప్పలేదు. గంటకోసారి దింపమంది, అంతే. గంటకోసారి దింపడం మా కోడలికి తెలుసు. మళ్ళీ ఎక్కకుండా చూడడమే ఎవరికీ తెలియదు.

పోనీ ప్రభుత్వాన్ని అడుగుదాం. మా తమిళనాడు సర్కారు బస్సుల్లో ఒకప్పుడు మూడేళ్ళు నిండితే అర టికెట్టు. 2022లో దాన్ని ఐదేళ్ళు చేశారు. రైల్లోనూ ఐదు లోపు ఉచితమే. ఆ లెక్కన ఐదేళ్ళ దాకా పిల్లవాడు మనిషి కాదు, చేతి సంచి. సంచిని బండిలో పెట్టి తోస్తే తప్పేముంది? ఇది మా కోడలి వాదన. బాగానే చదువుకుంది.

థీమ్ పార్కుల వాళ్ళు మనకన్నా గట్టివాళ్ళు. వాళ్ళు వయసే అడగరు. గోడకు ఆనించి ఎత్తు కొలుస్తారు. బెంగళూరు అవతల బిడది దగ్గర వండర్‌లా ఉంది చూడండి, 2005లో పెట్టారు. అక్కడ 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్టు. వయసైతే అమ్మలు అబద్ధం చెప్పగలరు. సెంటీమీటర్లను ఏం చేస్తారు? మోకాళ్ళు వంచి నిలబడమని చెవిలో ఊదిన అమ్మలనూ చూశాను. ఇంటికి దగ్గరి చుట్టమే, పేరెందుకు?

అసలు తమాషా ఇది. టికెట్ దగ్గర చిన్నవాడు కావాలి. రంగులరాట్నం దగ్గర పెద్దవాడు కావాలి. పెద్ద ఆటల దగ్గర ఎత్తు చాలదంటే మావాడు మునివేళ్ళ మీద లేస్తాడు. రెండు గజాలు దాటగానే బండెక్కి నోట్లో వేలు పెట్టుకుంటాడు. ఒక్క గంటలో పదేళ్ళవాడూ వాడే, పది నెలలవాడూ వాడే.

ఇక అమెరికాలో మా చిన్నమ్మ మనవరాలుంది. ఆర్లాండోలో డిస్నీకి పోయినప్పుడు ఏడేళ్ళ పిల్లను బండిలో కూర్చోబెట్టి ఫొటో పంపింది. "ఇదేందే, పిల్ల మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే?" అన్నాను. "రోజంతా మైళ్ళ కొద్దీ నడక అత్తా, ఇక్కడ అందరూ ఇంతే" అంది. నిజమే కాబోలు. అక్కడ బండ్లు ఎంత పెరిగిపోయాయంటే, 2019 మే నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన బండిని లోపలికి రానివ్వకూడదని రూలు పెట్టారు. మా వంటింటి తలుపు 30 అంగుళాలు. అంటే డిస్నీలోకి పోగలిగిన బండి మా వంటింట్లోకి రాలేదు. అదీ మన లెవెలు!

ఇంత చెప్పి అసలు కథ చెప్పలేదు కదూ? మొన్న ఆదివారం హొగెనకల్ పోయాం.

మన ఊళ్ళో ఎవరింటికి చుట్టాలొచ్చినా పోయేది అక్కడికే కదా. 46 కిలోమీటర్లు. పెన్నాగరం దాటితే ఘాట్ రోడ్డు, మలుపులు, కోతులు. హొగె అంటే కన్నడంలో పొగ, కల్లు అంటే రాయి. కావేరి రాళ్ళ మీద పడి తుంపర లేస్తే పొగలా ఉంటుందని ఆ పేరు. తమిళనాట ఉన్న జలపాతం, కన్నడం పేరు, చూడ్డానికి పోయింది తెలుగువాళ్ళం. కావేరి నీళ్ళ దగ్గర ఇంత సఖ్యత ఇంకెక్కడా చూడలేరు మీరు.

నేను మొదటే చెప్పాను, అక్కడికి బండి వద్దని. విన్నారా? అక్కడ ఏమున్నాయి? మెట్లు, రాళ్ళు, ఇసుక. చక్రం పుట్టిన చోటు కాదది. పది గజాలు పోగానే ముందు చక్రం రాళ్ళ సందులో ఇరుక్కుంది. వెనక్కి లాగితే వెనక చక్రం ఇరుక్కుంది. ఆ బండి చేసిన కంపెనీ పేరు చెప్పను గానీ, స్పిట్‌ఫైర్ అయినా అక్కడ దిగలేదు.

అప్పుడు మావాడికి మొసళ్ళు కనబడ్డాయి. అటవీ శాఖవాళ్ళ మొసళ్ళ కేంద్రం ఉంది కదా. ఎవరూ దింపలేదు వదినా, వాడే దిగాడు. దిగి పరుగు! మొసలి కదలదు, వీడు కదలడు, అర గంట అలా ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత వంతెన దాకా నడక. చేపలు వేయించే ఆడవాళ్ళ దగ్గరికి నడక. నూనె మర్దన చేసేవాళ్ళు మా ఇంటాయనను పిలుస్తుంటే, వాళ్ళ సీసాలు లెక్కపెడుతూ నడక. కాళ్ళు నొస్తాయన్న మాటే లేదు. వెనక్కి చూద్దును కదా, బండి మడత పడి మా ఇంటాయన నెత్తిన ఊరేగుతోంది. పిల్లవాడు నడుస్తున్నాడు, బండి మోయించుకుంటోంది!

ఇక పుట్టి ఎక్కాం. అక్కడివాళ్ళు పరిసల్ అంటారు. వెదురు బుట్ట, కింద ఒకప్పుడు తోలు కట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా. ఒకే ఒక తెడ్డు. నీళ్ళెక్కువైతే ఆపేస్తారు, ఆ రోజు అదృష్టం బాగుంది. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో కావేరి. పుట్టివాడు సరదాకు గిర్రున తిప్పాడు. కోడలు కెవ్వుమంది. మనవడు నా కొంగు పట్టుకున్నాడు. మా ఇంటాయన మాత్రం కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇంకో చుట్టు తిప్పు తంబీ" అన్నారు. డెబ్బై రెండేళ్ళు వచ్చాయి ఆయనకు! అప్పుడు తోచింది నాకు. ఇంకొకరు తోస్తుంటే గుండ్రటి బుట్టలో కూర్చుని లోకాన్ని చూడడం ఉంది చూశారా, ఆ సుఖం ఎవరు వదులుకుంటారు? మావాణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నాను.

నడకకు పేరుమోసిన ఊరు మనది, ఆ మాటా ఒప్పుకోవాలి. ధర్మపురి అసలు పేరు తగడూరు. అదియమాన్ ఏలిన ఊరు. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా తమిళ కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడని చెప్పుకుంటారు కదా. ఆ అవ్వ ఊరూరా నడిచి తిరిగిన మనిషి. బండి లేదు, చంక లేదు. ఉసిరికాయ తినే నడిచిందో, నడిచే బతికిందో తెలియదు. ఇంటి ముందర ఉసిరి చెట్టు పెట్టాను నేనూ. పచ్చడికి పనికొస్తుంది.

హొగెనకల్‌లో సాయంత్రం నాలుగైంది. అప్పుడు చూడాలి మావాణ్ణి! స్నానం అయింది, చేప ముక్క అయింది, ఎండ అయింది. రోడ్డు మధ్యలో కూలబడ్డాడు. మొసలిని తెచ్చి చూపించినా లేవడు. కొడుకు ఉప్పుమూట వేసుకున్నాడు. మరి బండి? బండి నిండా తడి తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు, మిగిలిన చేపలు, నా చెప్పులు. తీరా చూస్తే ఇన్నాళ్ళూ బండి కావాల్సింది మాకే!

అందుకని ఇంట్లో తీర్పు చెప్పేశాను. దసరా సెలవులకు బిడది పోదామంటున్నారు కదా, బండి తీసుకుపోవాలా వద్దా అని పొద్దున పదింటికి అడగొద్దు. పదింటికి ఎవరైనా నడుస్తారు. నేనూ నడుస్తాను. సాయంత్రం నాలుగింటికి అడగండి. నాలుగింటికి నిలబడ్డవాడు బండి దిగినట్టే. నిలబడకపోతే ఇంకో ఏడాది తోయండి. ఏం పోతుంది? చుట్టుపక్కలవాళ్ళు చూసి నవ్వుతారంటారా? నవ్వేవాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో చూడండి. నాన్న మెడ మీద ఉంటారు.

ఇంకో గుర్తు కూడా ఉంది. బండిలో కూర్చునే కాళ్ళు కింద ఈడ్చి బ్రేకులు వేస్తుంటాడు చూశారా? మావాడు కూర్చున్న చోటే రెండు జతల చెప్పులు అరగదీశాడు. చెప్పుల ఖర్చు బండి ఖర్చును దాటిందంటే ఇక దింపెయ్యొచ్చు.

నిన్న సంతకు పోయాం. నాలుగు దాటింది. నాకే మోకాలు పట్టేసి గట్టు మీద కూర్చున్నాను. వాడు ఖాళీ బండి తోసుకుంటూ వచ్చి, "కాళ్ళు నొస్తాండాయా అవ్వా? నువ్వెక్కు" అన్నాడు. ఆ బండి మీద 15 కిలోలని రాసుంది వదినా. నా ఎడమ కాలికే సరిపోదు. అయినా ఇల్లు చేరేదాకా వాడే తోశాడు. బండిలో నేను కాదు లెండి, గుమ్మడికాయ.

అందుకే పొద్దున్నే శనగపిండి కలిపాను. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, బండి దిగితే బజ్జీలు. ప్రాస కుదిరింది కదా? శాస్త్రంలో లేదంటారా, ఈ రోజు నుంచి ఉంది. మిరపకాయవి మీకు, అరటికాయవి వాడికి. గిన్నె ఇక్కడే గోడ మీద పెడుతున్నాను, చల్లారకముందే తీసుకోండి. రేపు వాడు మళ్ళీ బండెక్కినా బజ్జీలు మాత్రం వెనక్కి అడగను.