రేడియేటర్‌కి నీళ్లు

ఇల్లంతా బండిలో పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్ల వీడియోలు చూసీ చూసీ, మే సెలవుల్లో నాకూ ఆ పిచ్చి పట్టింది. ఆర్వీ అంటారంట దాన్ని. మా ఇంట్లో ఉన్నది మార్కాపురంలో పలకల లోడు మోసే నాన్న మినీ ట్రక్కు. వెనక పట్ట కట్టి, రెండు బొంతలు పరిచి, ఒక నీళ్ల క్యాను, అమ్మ కలిపిన పులిహోర పెట్టుకున్నాం. నేను, ఇద్దరు రూమ్మేట్లు, నాన్న. అదే మా ఆర్వీ.

"ఆడ చూసేదానికి ఏముందిరా, ఎండ తప్ప?" అన్నాడు నాన్న. నాకూ లోపల అదే అనుమానం. కాలేజీలో ఎవరైనా ఏ ఊరంటే "ఒంగోలు దగ్గర" అని తప్పించుకునే బ్యాచ్ నాది. ఆ దగ్గర దాదాపు వంద కిలోమీటర్లు.

తెల్లారుజామున పోదామనుకుని ఎనిమిదిన్నరకి కదిలాం (రూమ్మేట్ల దయ). రాచర్ల మండలం సత్యవోలు చేరేసరికి పదకొండు. చాళుక్యుల కాలం నాటి గుళ్లు, రామలింగేశ్వరుడిది, భీమలింగేశ్వరుడిది. పన్నెండు వందల ఏళ్లు దాటిన రాళ్లు. చెప్పులిప్పి ఆవరణలో అడుగుపెట్టగానే భక్తి, చరిత్ర రెండూ ఎగిరిపోయాయి. నీడ నుంచి నీడకి పరుగెత్తుతూ చూశాం. ఆ శిల్పాల్ని మళ్లీ డిసెంబర్‌లో చూడాలి.

తిరుగుదారిలో కంభం ఇంకా కొంత దూరం ఉందనగా బండి పొగలు కక్కింది. నాన్న వేపచెట్టు కింద ఆపి, అరగంట ఆగి, గోనెసంచి అడ్డం పెట్టి మూత తిప్పాడు. ఇంజన్ ఆన్‌లో పెట్టి కొంచెం కొంచెంగా క్యాను నీళ్లు పోశాడు. ముప్పావు క్యాను ఖాళీ. మిగిలింది సీసాలకి పట్టి మా ముగ్గురికీ ఇచ్చాడు. తను తాగాడా లేదా అని ఎవరం చూడలేదు.

కంభం చెరువు కట్ట ఎక్కగానే నాలో సివిల్ ఇంజనీర్ నిద్రలేచాడు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా మట్టికట్ట, 57 అడుగుల ఎత్తు. చెరువు 7 కిలోమీటర్ల పొడవు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చోటు దక్కింది. ఎర్త్ డ్యామ్‌ల చాప్టర్ మొత్తం బట్టీపట్టి రాసిన నేను, ఎన్నోసార్లు ఈ ఊరి మీదుగా బస్సులో పోయి ఒక్కసారీ దిగలేదు. ఇదంతా రూమ్మేట్లకి చెప్తూ చెప్తూ వెనక్కి తిరిగితే, నాన్న కట్ట మీద కూలబడి ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది.

"ఏం లేదురా, కళ్లు తిరిగినయ్" అన్నాడు. మా సీసాలన్నీ ఖాళీ. చుట్టూ మే నెలలో కుదించుకుపోయిన చెరువు, ఎక్కడో దూరంగా నీళ్లు.

గేదెలు కాసుకునే పెద్దాయన మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. నాన్నని నీడకి లాగి, తువ్వాలు తడిపి మెడకి చుట్టి, తన క్యారేజీలో మజ్జిగ గుక్కగుక్కగా తాగించాడు. "చదువుకున్న పిల్లకాయలు, మే నెల్లో మిట్టమధ్యాన్నం తిప్పుతారంటయ్యా?" అన్నాడు. తలెత్తలేదు నేను. కంభంలో డాక్టరుకి చూపిస్తే సెలైన్ పెట్టి సాయంత్రానికి పంపించాడు.

తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ నాది. నాన్న వెనక బొంత మీద పడుకుని, పట్ట సందులోంచి కట్ట కనిపించినంతసేపూ చూశాడు. "ఇంత మట్టి మోసినోళ్లకి మంచినీళ్లు ఎవరిచ్చారో" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే, "సెకండ్ గేర్‌లో ఎంతసేపు లాగుతావురా, మళ్లీ వేడెక్కుద్ది" అని తిట్టాడు.