సంతకాల పుస్తకం పట్టుకొని కాలనీకి పోయిన రోజు

ఈసారి పొంగలుకు తోటలో అందరమూ చేరినప్పుడు మళ్ళీ అదే మాట వచ్చింది. బంతిలో నా పక్కన కూర్చున్న మా చిన్నాయన కొడుకు అన్నాడు: "తమిళనాడులో అందరికంటే అన్యాయమైపోయింది తెలుగువాడే అన్నా. ముస్లిములకు అడిగేదానికి పార్టీ ఉంది. ఎస్సీలకు కోటా ఉంది. మనకేముంది?" ఆకుల ముందు కూర్చున్నవాళ్ళందరూ తలలూపినారు. పదేండ్ల కిందటైతే నేనూ ఊపేవాణ్ణే. ఈసారి ఊపలేదు, జవాబూ చెప్పలేదు. పండగపూట బంతిలో వాదులాట ఎందుకని ఊరుకున్నాను. ఆ చెప్పని జవాబే ఇది. మన పేజీ చదివే హోసూరు, సోలాపూరు, బరంపురం చుట్టాలు కూడా ఇట్లాంటి లెక్కలు వేసుకుంటూనే ఉంటారని నాకు తెలుసు.

మొదట, వాడు చెప్పినదాంట్లో నిజం ఉంది. అది కొట్టిపారేసేది కాదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు తమిళ అయ్యవారు నన్ను లేపి 'వాళప్పళం' అని పదిసార్లు చెప్పించినాడు. తమిళంలోని ఆ 'ళ' నా నాలుకకు తిరగలేదు. తరగతంతా నవ్వింది. ఆ రోజునుంచి బడి విడిచేదాకా నా పేరు 'వడుగన్'. వడక్కు, అంటే ఉత్తర దిక్కునుంచి వచ్చినవాడు అని. మనం వచ్చి నాలుగు వందల ఏండ్లు దాటిందని ఇంట్లో చెప్పుకుంటాము. ఆ నాలుగు వందల ఏండ్లూ ఆ ఒక్క మాట ముందు నిలబడవు. ఇంటికొచ్చి ఏడిస్తే నాయన "తమిళం బాగా నేర్చుకో, నోరు మూయిస్తావు" అన్నాడు. నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు మాత్రం ముప్పై ఆరో ఏట, మా పాప పలక మీద, ఆమెతోపాటు దిద్దుకున్నాను. నా రాతలో ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి, పెద్దలు మన్నించండి.

తమిళం నేర్చుకునే చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతినుంచి ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. హోసూరు, కృష్ణగిరి, తిరువళ్ళూరు వైపు తెలుగు బడుల్లో చదివిన పిల్లలకు అప్పుడు తెలిసింది దాని బరువు. రాజ్యాంగంలో 350ఎ అని ఒక అధికరణం ఉంది, మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు అమ్మభాషలో చెప్పే ఏర్పాటు చూడమంటుంది. 1956నుంచి ఉంది. అయినా పరీక్ష మినహాయింపుకోసం కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. మనమొకరమే కాదు, ఉర్దూ, కన్నడ, మలయాళం బడుల పిల్లలదీ అదే గోస. పార్టీ ఉన్న ముస్లిముల ఉర్దూ పిల్లలు కూడా మన పిల్లల పక్కనే నిలబడినారు. ఇది మా తమ్ముడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, నేను చెప్పాలనుకున్నది ఆ 2016 సంగతే.

అప్పుడు తెలుగువాళ్ళ తరఫున మహజరు ఇవ్వడానికి సంతకాలు పోగు చేస్తున్నారు. నాకూ ఒక నోటు పుస్తకం ఇచ్చినారు. "తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ పోండి, సంఖ్య పెద్దదిగా కనబడాల" అన్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఆ అంకె మేము ఊరికే చెప్పుకుంటూ ఉండేవాళ్ళము. నేను మన ఊళ్ళో నాయుళ్ళ ఇండ్లన్నీ తిరిగినాను, బలిజల ఇండ్లు, ఆచార్ల ఇండ్లు కూడా అయినాయి. పుస్తకం సగం కూడా నిండలేదు. అప్పుడు తట్టింది, తోట వెనక కాలనీలో కూడా తెలుగే కదా అని.

మన కోయంబత్తూరు పక్క చుట్టాలకు చెప్పనక్కర లేదు. దూరపు వాళ్ళకోసం రాస్తున్నాను. ఈ పడమటి జిల్లాల్లో అరుంధతియర్లు చాలా మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కొన్ని చోట్ల కన్నడం. తోటపని, తోలుపని, ఊళ్ళో శవం కాడ డప్పు, మునిసిపాలిటీలో చీపురు, కాలువ, ఇవన్నీ వాళ్ళ నెత్తినే పడినాయి. పెండ్లిలో మనం పిల్లకు పిల్లగానికి చూపించే అరుంధతి నక్షత్రం ఉంది చూడండి, ఆ అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ళు చెప్పుకుంటారు. 1920ల్లో మద్రాసు శాసన మండలిలో కూర్చున్న ఎల్.సి. గురుస్వామి ఆ సమాజం మనిషే. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. తోటకు వచ్చి పోయే నలుగురైదుగురు మాత్రం తెలుసు, అది కూడా వట్టి పేర్లే.

నలభై ఏండ్లు ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. తోట గట్టునుంచి రెండు వందల అడుగులు ఉంటుందేమో.

మా తోటలో కలుపు తీసి, కాయ ఏరి ముసలిదైపోయిన ఒకామె అరుగు మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచింది. డెబ్బై దాటిన మనిషి, నేను పోతే లేవడం. చిన్నప్పుడు నేను ఆమెను పేరుపెట్టి, 'నువ్వు' అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను 'సామీ' అనేది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఆ రోజు నోట్లో 'నువ్వు' రాలేదు, 'మీరు' కూడా సరిగ్గా రాలేదు, రెండూ లేకుండా మాట్లాడి గట్టెక్కినాను. తెలుగులో ఆ సౌకర్యం ఉంది.

చట్టం గురించి చెప్పినాను. మన భాష పోతా ఉంది, మన పిల్లలను బడిలో తక్కువగా చూస్తారు, నన్ను కూడా 'వడుగన్' అని ఎగతాళి చేసినారు అని చెప్పినాను. ఆమె బాగా విన్నది. విని అడిగింది:

"అట్ల పిలిచినాక నిన్ను బడి లోపల కూర్చోబెట్టినారా, బయటనా సామీ?"

"లోపలే."

"నీళ్ళు?"

"అందరూ తాగే కుండలోనే."

"అట్లనా" అనింది. అంతే. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉండింది. తర్వాత మనుమరాల్ని పిలిచి సంతకం పెట్టించింది, తాను వేలిముద్ర వేసింది. ఆ వీధిలో డెబ్బై మూడు సంతకాలు అయినాయి. నా పుస్తకం నిండింది.

తిరిగి వస్తూ ఉంటే ఆ నీళ్ళ మాట వదలలేదు. మా అవ్వ తోట బావికాడ కూలివాళ్ళకు నీళ్ళు పోసేది, ఎత్తునుంచి, దోసిట్లోకి. టీ అయితే తెంకాయ చిప్పలో. చిప్పలు వరసగా కంచె మీద బోర్లించి ఉండేవి, మేము పిల్లలము వాటితో ఆడుకోబోతే అవ్వ కసిరేది. "అవి మనవి కావు, ముట్టొద్దు." ఏ భాషలో కసిరింది? తెలుగులోనే. ఆ ముసలామె సామీ అన్నది తెలుగులో, మా అవ్వ "ఏమే, ఇంత సేపా రావడం" అన్నది తెలుగులో. నాలుగు వందల ఏండ్లు మనం కాపాడుకొని వచ్చినామని పొంగిపోయే భాషలో 'ఏమే'కు, 'సామీ'కి మధ్య దూరాన్ని కూడా అంతే భద్రంగా కాపాడినాము. ఊళ్ళో టీకొట్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి. ఆ కొట్టు మనవాళ్ళది కాదు. చిప్పలు మాత్రం మనవే.

ఒక మాట చెప్పాలి. ఆమె తెలుగు నా తెలుగుకంటే బాగుంది. 'పొద్దు గూకినాక' అంటుంది, నేను 'సాయంత్రం' అంటాను. 'అంబలి', 'కవ్వం', 'వల్లి', ఇవన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. పోయిన మాటలకోసం మనం హైదరాబాదునుంచి నిఘంటువు తెప్పించుకుంటున్నాము.

పొంగలునాడు తమ్ముడు వేసిన లెక్కకు వస్తాను. "వాళ్ళకు కోటా ఉంది" అన్నాడు. ఉంది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీల 18 శాతంలో అరుంధతియర్లకు 3 శాతం వేరుగా ఇచ్చింది. ఎందుకిచ్చింది? ఎస్సీల్లో కూడా వాళ్ళు వెనక ఉండిపోయినారు కాబట్టి. ఆంధ్రలో మాదిగలు అడిగినది కూడా అదే, అక్కడ చేసిన వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏండ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల బెంచి ఆ తీర్పు తప్పని, వర్గీకరణ చేయవచ్చునని చెప్పింది. అప్పటిదాకా మన అరుంధతియర్ల 3 శాతం మీద కూడా కత్తి వేలాడుతూనే ఉండింది.

ఇక ఆ వీధి పిల్లలు ఆ కోటాతో ఎక్కడికి చేరినారో చూడాలంటే పొద్దున్నే లేచి కార్పొరేషను బండి వెంట ఎవరున్నారో చూస్తే చాలు. చేతితో మలం ఎత్తించడం తప్పని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి. మురుగు గుంతలో చనిపోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు ఇవ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరుగుతూ ఉంది అంటే గుంతలోకి దిగడం ఆగలేదని అర్థం. కోలారు బంగారు గనుల్లో మన చుట్టాలు కొందరు పనిచేసినారు, అక్కడి తెలుగువాళ్ళ గురించి ఈ పేజీలోనే ఇదివరకు రాసుకున్నాము. అదే గనుల ఊళ్ళో పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు బెజవాడ విల్సన్, ఈ పనిని ఆపాలని జీవితమంతా తిరుగుతున్నాడు, 2016లో మెగసెసే బహుమతి వచ్చింది. మనం రాసుకున్నదాంట్లో ఆయన పేరు లేదు. వెతికి చూసినాను.

2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయం దగ్గర నడూరులో వానకు ఒక ప్రహరీగోడ కూలి 17 మంది నిద్రలోనే పోయినారు, అరుంధతియర్లు. తమను వేరుపెట్టడానికే ఆ గోడ అంత ఎత్తు లేపినారని అక్కడివాళ్ళు అన్నారు. మన ఇంటినుంచి గంటన్నర దారి. ఆ వారం మన కుటుంబం గ్రూపులో ఏమి నడిచిందో వెనక్కి పోయి చూసినాను. ఒక పెండ్లి మెనూ గురించి నూట నలభై మెసేజీలు.

అంటే వడుగన్ అన్న మాట నొప్పి కాదా? నొప్పే. కానీ నా నొప్పికి నాయన మందు చెప్పినాడు, అది పనిచేసింది. నాలుక తిప్పుకున్నాను, ఇంటిపేరు ఇనీషియల్‌లో దాచుకున్నాను, ఇప్పుడు ఆఫీసులో నేను తెలుగువాణ్ణని నేను చెప్తేగానీ తెలియదు. ఆ మందుకు నేను ఇచ్చిన ధర నా అక్షరాలు. అది నిజమైన నష్టమే, ఎవరైనా దాన్ని చిన్నది చేస్తే నాకు కోపం వస్తుంది. ఆ ముసలామె మనుమరాలు తమిళం నాకంటే బాగా మాట్లాడుతుంది. ఏ ఊరు అని అడిగి, ఏ వీధి అని అడిగితే అయిపోయింది. 'కాలని' అన్న మాటను రికార్డులనుంచి తీసేస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. బస్సులో అడిగేవాళ్ళ నోటినుంచి ఎవరు తీస్తారో.

ఇంకొకటి ఉంది, ఇది మనవాళ్ళకు బాగా ఎక్కాలి. 2023లో ఈరోడ్ తూర్పు ఉప ఎన్నికలో ఒక నాయకుడు అరుంధతియర్లు పాకీపనికోసం ఆంధ్రనుంచి తెచ్చిన జనమని వేదికెక్కి అన్నాడు. మనల్ని 'వందేరి' అన్నప్పుడు పొడుచుకునే ముల్లే అది. వాళ్ళకు అది కులం మీద, భాష మీద, రెండు దిక్కులా గుచ్చుకుంది. తెలుగువాళ్ళని తిట్టినందుకు మనకు కోపం రావాలి కదా? మన ఇంట్లో ఎవరికీ అది మన మీద పడిన తిట్టులాగా అనిపించలేదు. నాకూ ఆ పూట అనిపించలేదు, రెండు రోజులు పట్టింది. 42 లక్షల లెక్క చెప్పేటప్పుడు వాళ్ళు తెలుగువాళ్ళు. బంతి వేసేటప్పుడు కాదు.

అందుకే తమ్ముడూ, ఎవరికి ఎక్కువ అన్యాయం అని నువ్వు అడిగినప్పుడు నేను తల ఊపలేదు. నీ ప్రశ్నలో మనం ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళమే. మన కోయంబత్తూరు ఇంటి మేడ మీద పోర్షను 'ముస్లిములకు ఇవ్వము' అని బ్రోకరుకు చెప్పింది మనమే, ఆ మాట నువ్వు పక్కన ఉండగానే పెద్దనాయన ఫోనులో అన్నాడు.

చివరగా ఒక పని. మన పేజీ మొదట్లో తోట బావి తవ్వినప్పటి ఫోటో ఉంది కదా. తాత, ఆయన తమ్ముళ్ళు, మద్రాసునుంచి వచ్చిన మామ, అందరి పేర్లూ కింద రాసినాము. కుడిపక్క చివర, గడ్డపార పట్టుకొని, సగం కోసుకుపోయి ఒక మనిషి ఉన్నాడు. ఆ ఫోటో ఫోనులో పెట్టుకొని పొంగలు మరునాడు కాలనీకి పోయినాను. ముసలామె పోయి మూడేండ్లయిందంట. మనుమరాలు చాలా సేపు చూసి, తాత కావచ్చు, మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు అనింది. ఆ బావి తవ్విన నాటికి ఊహ తెలిసినవాళ్ళు మన ఇండ్లల్లో ఇంకా ముగ్గురు ఉన్నారు, ఈరోడులో పెద్దత్త, హోసూరులో తాతయ్య, పుణెలో అవ్వ. పిల్లలూ, వాళ్ళకు ఫోటో పెద్దది చేసి చూపించి అడగండి. తోటలో పిలిచిన ముద్దుపేరు కాదు, అసలు పేరు కావాల. తెలిస్తే నాకు రాయండి, కింద చేరుస్తాను, ఒక కాపీ ఆ పిల్లకు కూడా ఇస్తానని చెప్పి వచ్చినాను.