తశ్ఖీస్ ముందు, ఇలాజ్ తర్వాత

ఉర్దూ మీడియం బడిలో 'తశ్ఖీస్' అనే లఫ్జ్‌కు 'మర్జ్‌ను గుర్తుపట్టడం' అని మానీ రాసుకున్నాం. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు దాన్నే 'రోగనిర్ధారణ' అన్నారు. రెండూ పరీక్షల కోసం నేర్చుకున్న మాటలే. వాటి అసలు కీమత్ నాకు తెలిసింది మా మామూ జీపు వల్ల.

మామూది కోసిగి. అక్కడి నల్లరేగడి సంగతి మీకు తెలిసిందే. నాలుగు చినుకులు పడితే చేను దారిలో ట్రాక్టరో ఫోర్‌వీల్ జీపో తప్ప ఇంకేదీ కదలదు. విత్తనాల సంచులు, ఎరువు మూటలు, పత్తి, ఉల్లిగడ్డ, అన్నీ ఆ జీపులోనే. ఇంటి రిజ్క్ దాని మీదే నడుస్తుంది. ఒక ఏడు సరిగ్గా వానలకు ముందు దానికి వణుకు పట్టుకుంది. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదులుతుంటే బండి మొత్తం గడగడలాడేది. నాలుగడుగులు కదిలాక ఏమీ ఉండేది కాదు. "జ్వరమొచ్చిన మనిషి మాదిరి వణుకుతాంది" అనేది ముమానీ.

పట్నంలో ఒక గ్యారేజీ వాళ్లు బండి నడిపి చూడకుండానే క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఫోర్‌వీల్ బండిలో అది చిన్న పని కాదు. రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి. గేరుబాక్సును, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసును దించాలి. సామాను ఖర్చు ఒకటి, మజూరీ ఇంకొకటి. మామూ దగ్గరున్నవి బేటీ నర్సింగ్ కాలేజీ ఫీజు పైసలు. కట్టడానికి పది రోజులే గడువు.

"ముందు మన ఉస్తాద్‌కు చూపిద్దాం" అన్నాడు మామూ. నేనూ వెంట వెళ్లాను. డెబ్బై దాటిన పెద్దమనిషి. పానా ముట్టుకోలేదు. ముందు సవాలాత్ మొదలుపెట్టాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? ఖాళీ బండిలోనా, లోడుతోనా? రివర్స్‌లో ఎట్లా ఉంది? స్పీడులో కూడా ఉందా?

"స్పీడులో కూడా ఉంటే షాఫ్టులు, చక్రాలు చూడాల. కదిలేటప్పుడే వచ్చిపోతే క్లచ్ దిక్కు చూడాల. క్లచ్ దిక్కు అంటే క్లచ్చే అని కాదు బేటా."

రివర్స్‌లో ఎక్కువని మామూ చెప్పగానే తల ఊపాడు. తర్వాత ఫోర్‌వీల్ లివర్ చూశాడు. తార్రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తిప్పితే, మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయట. ఆ ఝట్కాల ఇల్జామ్ కూడా జనం క్లచ్ మీదే వేస్తారట. మామూ లివర్ టూవీల్‌లోనే ఉంది.

ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య, క్లచ్ కూర్చునే హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. ఉస్తాద్ కిందికి దూరి అందులో వేలు పెట్టాడు. నల్లగా పల్చగా అంటితే ఇంజిన్ ఆయిల్, అంటే ఇంజిన్ వెనక సీలు పోయినట్టు. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేరు ఆయిల్. ఏది ప్లేటుకు తగిలినా ఒకచోట పట్టి, ఒకచోట జారి వణుకు పుడుతుంది. సీలు వదిలేసి ప్లేటు ఒక్కటే మారిస్తే పైసలు మోరీలో పోసినట్టే. ఆయన వేలు పొడిగా వచ్చింది.

ఇక అసలు పరీక్ష. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించి, హ్యాండ్‌బ్రేకు వేయించి, బానెట్ తెరిచాడు. బండికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వలేదు. మామూ గేరు వేసి, క్లచ్ పట్టే దాకా మెల్లగా వదిలి మళ్లీ తొక్కాలి. "ఆవాజ్ నక్కో సున్, ఇంజిన్ కో దేఖ్" అన్నాడు నాతో. చూశాను. ఇంజిన్ ఒక పక్కకు లేచి దభీమని పడింది.

ఇంజిన్ ఫౌండేషన్ రబ్బరు ఒకటి చీలి, ఇనుము నుంచి విడిపోయింది. గేరుబాక్సు కింద రబ్బరు బిస్కెట్ లాగా ఎండిపోయింది. రబ్బరుకూ ఒక ఉమ్ర్ ఉంటుంది కదా. పెడల్ ఉండేది ఛాసిస్ మీద, క్లచ్ ఉండేది ఇంజిన్ వైపు. మధ్యలో కడ్డీలు. క్లచ్ పట్టగానే వదులుగా ఉన్న ఇంజిన్ కదులుతుంది, దాంతో కడ్డీ లాగబడి క్లచ్ కొంచెం వదులుతుంది, ఇంజిన్ వెనక్కి పడగానే మళ్లీ పడుతుంది. మన కాలు కదలకుండానే ఎవరో పెడల్ తొక్కి వదులుతున్నట్టు. వణుకంటే అదే.

కొత్త రబ్బర్ల ఖర్చు క్లచ్ సెట్టు ముందు ఏ మూలకూ రాదు. షాఫ్టు క్రాసులు చేత్తో తిప్పి చూసి, వదులైన ఒక కమాన్ యూ బోల్టు కూడా బిగించాడు. వణుకు చాలావరకు పోయింది. మొత్తం పోలేదు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం మిగిలింది. ఉస్తాద్ దాచలేదు. "ప్లేటు కూడా బూఢా అయింది. ఇంజిన్ అరుస్తా బండి ముందుకు పోకపోతే ఆ రోజు తెరుద్దాం" అన్నాడు. ఫీజు గడువులో కట్టారు. క్లచ్‌ను పత్తి అమ్మాక తెరిచారు. ప్లేటు మార్చి, వేడికి మచ్చలు పడిన ఫ్లైవీల్‌ను లేత్ మీద నునుపు చేయించారు.

1945లో లుధియానాలో మొదలైన 'మహీంద్రా అండ్ మహమ్మద్' కంపెనీ 1947లో మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. భాగస్వామి మలిక్ గులామ్ మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంజిన్లు మారినా జీపు ఎముకల గూడు పెద్దగా మారలేదు. అందుకే ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు అందిన తజుర్బా అన్నేళ్లు పనికొచ్చింది.

ఇప్పుడు ఆయనకు షాగిర్ద్ లేడు. ఇదంతా రాసి పెట్టొచ్చు కదా అన్నాను. నవ్వాడు. "ఉర్దూలో రాస్తే నా పోతా చదవలేడు. తెలుగులో రాస్తే నేను చదవలేను. నువ్వు రాయి, వాడు చదివి నాకు వినిపిస్తాడు. గలత్ ఉంటే చెప్తా."

రాశాను. గలత్ ఏముందో ఆయనే చెప్పాలి. ఈలోగా మీ ఇంట్లో పాత బండి ఉంటే, మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు ఆ సవాలాత్‌కు జవాబులు రాసుకొని వెళ్లండి: చల్లగానా వేడిగానా, ఖాళీగానా లోడుతోనా, ముందుకా వెనక్కా, కదిలేటప్పుడా స్పీడులోనా. అవేవీ అడగకుండానే "మార్చాల" అనే వాళ్లకు బండి తాళం ఇవ్వకండి.