కల్ కరేంగే

ఉర్దూలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట: కల్. ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి నిన్న, రేపు అని రెండు మాటలుండటం ఎంత సౌకర్యమో నాకు తెలుసు. కానీ ఆస్పత్రులు, బ్యాంకులు, సర్కారీ దఫ్తర్లలో ఉండే సర్వర్ల విషయంలో మన ఉర్దూయే నిజం చెప్తుంది. 'కల్ కరేంగే' అన్న పని చూస్తుండగానే 'కల్ కర్నా థా' అయిపోతుంది.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక పెద్ద కంతకు ప్యాచ్ విడుదల చేసింది. ప్యాచ్ అంటే చిరిగిన బట్టకు అమ్మీ వేసే పైవంద్ లాంటిదే. మే 12న వానాక్రై వచ్చింది. మధ్యలో 59 రోజులు. సరిగ్గా ఆ కంతలోంచే దూరి, ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కాయి. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పటి డీజీపీ సాంబశివరావు చెప్పారు. డెస్కులో ఆ ఖబర్ రాసిన నాటి నుంచి ఒక సవాల్ నన్ను వదల్లేదు. మందు చేతిలో పెట్టాక కూడా మింగకుండా ఎందుకుంటారు?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు ఏ నిపుణుడిదీ కాదు. మా అల్మాస్‌గూడ అబ్బాయిది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సర్వర్లు చూస్తాడు. నన్ను చచ్చా అంటాడు.

"చచ్చా, ఫోన్ అయితే పడుకునే ముందు అప్‌డేట్ పెట్టి పొద్దున చూస్కుంటవ్. సర్వర్ రీస్టార్ట్ చెయ్యాలంటే బిల్లింగ్ ఆగుతది, ల్యాబ్ రిపోర్టులు ఆగుతయ్. రాత్రి రెండింటికి కూడా ఎమర్జెన్సీల మనిషి ఉంటడు. ఏ టైముకు ఆపాలె చెప్పు?"

అదొక్కటే కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో కొన్నది. రాసిచ్చిన కంపెనీ, కింద విండోస్ మారిస్తే మా జిమ్మేదారీ లేదంటుంది. ముందు ఎక్కడైనా పెట్టి చూద్దామంటే పరీక్షకు వేరే సర్వర్ లేదు. మొత్తం ఎన్ని సర్వర్లున్నాయో, దేని మీద ఏం నడుస్తుందో రాసిపెట్టిన కాగితం లేదు. ఇవన్నీ చూసేది తనొక్కడే. పెద్దసారును పర్మిషన్ అడిగితే నెలాఖరు కానీ అంటాడు. నెలాఖరు అయ్యాక ఆడిట్ కానీ అంటాడు.

చివరికి అసలు మాట చెప్పాడు. "అప్‌డేట్ పెట్టి సర్వర్ ఆగిందనుకో, నా పేరు బయటికొస్తది. పెట్టకుంటే ఏం కాలే అనుకో, ఎవరూ అడగరు. పెట్టకుంటే ఏమన్నా అయితే దొంగల మీదకు పోతది. నువ్వైతే ఏం చేస్తవ్ చచ్చా?"

ఈ హిసాబ్‌లో తప్పు పట్టలేం. ఆ భయం కూడా వట్టిది కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. ఆ రోజు శంషాబాద్ నుంచి ఎగిరిన ప్రయాణికుడికి ఇచ్చిన చేతిరాత బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. సర్వర్లు చూసే ప్రతి ఒక్కరూ ఆ శుక్రవారాన్ని గుర్తుంచుకున్నారు.

కానీ ఆలస్యానికి ఇంకో పక్క ఉంది. ప్యాచ్ విడుదలయిందంటే ఫలానా తాళంలో లోపం ఉందని ముహల్లా అంతా ఎలాన్ అయినట్టే. అది ఇంటివాళ్లూ వింటారు, దొంగలూ వింటారు. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే కంత ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే ప్యాచ్ రాకముందు కన్నా, వచ్చాక పెట్టని రోజులే ఎక్కువ ఖతర్‌నాక్. ఇంగ్లండ్‌లో సర్కారీ ఆస్పత్రులకు ఆ ప్యాచ్ పెట్టుకోమని ముందే కబురు వెళ్లింది. అయినా వానాక్రై వారంలో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. అక్కడ ఎదురుచూసిన రోగులకు ప్యాచ్ అన్న మాటే తెలియదు.

ఇదే నాకు గుచ్చుకునే విషయం. ఆపే నిర్ణయం ఒకరిది, నుక్సాన్ మరొకరిది. ఆ సర్వర్లో ఉన్నది కంపెనీ సొత్తు కాదు. మీ అమ్మీ షుగర్ రిపోర్టు, మీ బిడ్డ ఫోన్ నంబరు, ఇంటిల్లిపాది ఆధార్. మనం కౌంటర్ దగ్గర అడగ్గానే ఇచ్చేసిన అమానత్ అది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బయటపడ్డ రోగం పేరును ఎలా మార్చుకుంటాం?

అట్లాగని వచ్చిన అప్‌డేట్‌నల్లా అదే క్షణం అన్నిటికీ పెట్టేయమని కాదు. తెలిసినవాళ్లు చేసే తరీఖా సాదాసీదాగా ఉంటుంది. ముందు బ్యాకప్. తర్వాత రెండు మూడు చిన్న సర్వర్ల మీద పెట్టి చూడటం. బాగుంటే మిగతావి. మైక్రోసాఫ్ట్ తన ప్యాచ్‌లు నెలనెలా రెండో మంగళవారం ఇస్తుంది. కాబట్టి నెలకో రాత్రి ముందే ఖరారు చేసుకోవచ్చు. మన ఇళ్లల్లో కరెంటు కోత ముందే చెప్తే ట్యాంకు నింపుకుని సర్దుకుంటాం కదా. ఆస్పత్రి కూడా గంటసేపు కాగితం మీద బిల్లు రాయగలదు.

చట్టం కూడా హిసాబ్‌ను మారుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన వివరాలకు తగిన భద్రత పెట్టని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఆ జరిమానా నుక్సాన్ జరిగాక వచ్చేది. అంతకన్నా ముందు పనికొచ్చేది ఒకటుంది. ఖర్చు కూడా లేదు.

అప్‌డేట్ పెట్టడానికి ఆ అబ్బాయి దగ్గర దస్తఖత్ తీసుకుంటారు. వద్దు, తర్వాత చూద్దాం అన్న పెద్దసారు దగ్గర కూడా తీసుకోవాలి. ఎందుకు ఆపారు, ఏ తారీఖు దాకా ఆపారు అని రెండు లైన్లు రాసి, కింద పేరు పెట్టమనాలి. నోటితో 'కల్ కరేంగే' అనడం సులువే. అదే మాట కాగితం మీద రాసి పేరు పెట్టాల్సి వస్తే, చాలా మందికి ఆ రాత్రికే ఫుర్సత్ దొరుకుతుంది.