నల్లచుక్కలూ, దారప్పోగులూ

పిల్లి నోటి గురించి నా క్లినిక్కుకి వచ్చేవాళ్లు చాలామంది ముందు ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. అందులో పిల్లి కంటే ఓనరు వేళ్లే ఎక్కువ కనిపిస్తాయి. "పెదవి మీద నల్లచుక్కలు లేచాయి మేడమ్, క్యాన్సరా?" పిల్లి నారింజ రంగుదైతే నాకు సగం దిగులు అక్కడే తీరుతుంది. ఆ రంగు పిల్లులకు వయసు వచ్చేకొద్దీ పెదవుల మీద, చిగుళ్ల మీద, ముక్కు మీద చదునైన నల్లచుక్కలు రావడం మామూలే. లెంటిగో అంటాం. నొప్పి ఉండదు, మందు అక్కర్లేదు. ఉబ్బినా, పుండు పడినా మాత్రం వేరే సంగతి. పై ముందుపళ్ల వెనక అంగిట్లో బుడిపె చూసి కణితి అనుకుని పరుగెత్తుకొచ్చినవాళ్లూ ఉన్నారు. అది ప్రతి పిల్లికీ ఉంటుంది. వాసనలు పసిగట్టే ఒక అవయవానికి దారి దాని పక్కనే.

నన్ను భయపెట్టేవి ఫొటోకి చిక్కవు. ఒకావిడ పిల్లిని తెచ్చి, "గిన్నె దాకా వెళ్తుందండీ, వాసన చూసి వచ్చేస్తుంది. వాంతులు కూడా" అంది. ఇంట్లో కుట్టుమిషను ఉందా అని అడిగాను. ఉందట. నోరు తెరిచి, దవడ కింద నుంచి బొటనవేలితో నొక్కితే నాలుక పైకి లేచింది. దాని మొదట్లో దారం చుట్టుకుని కండలోకి దిగిపోయింది. లాగేద్దామని ఆవిడ చెయ్యి చాచింది. వద్దని గట్టిగానే అన్నాను. ఒక కొస నాలుకకు పట్టుకుంటే రెండోది పేగుల్లో ఉంటుంది. లాగితే పేగు కోసుకుపోతుంది. ఆపరేషన్ చేశాం, బతికింది.

చొంగ కారడం, దుర్వాసన, ఒక పక్కే నమలడం, ముంగాలితో మూతి రుద్దుకోవడం కనిపిస్తే పళ్లనో చిగుళ్లనో అనుమానిస్తాను. పన్ను దానంతట అదే కరిగిపోయే జబ్బు పిల్లుల్లో తరచుగా చూస్తాం, మన పిప్పిపన్నులాంటిది కాదు. అలాంటి పన్ను తీసేయాల్సిందే. గొంతు దాకా ఎర్రగా పుండైపోయి మందులకు లొంగకపోతే దవడపళ్లన్నీ తీస్తాం. "మరి ఎలా తింటుంది?" అని ఓనరు బెంగ. మెత్తటి తిండి పెడితే శుభ్రంగా మింగేస్తుంది. నొప్పి పోయాక తిండి పెరుగుతుంది కూడా.

ఇవన్నీ ఒక ఎత్తు. "నొప్పికి పారాసిటమాల్ అరముక్క వేశాం" అనే మాట ఇంకో ఎత్తు. మనకు పనికొచ్చే ఆ మాత్రను పిల్లి కాలేయం వదిలించుకోలేదు. చిగుళ్లు మట్టిరంగుకు తిరిగి, ఊపిరాడదు. అరముక్కే ప్రాణం తీయొచ్చు.

ఇంట్లో చూడాలంటే నోరు తెరవక్కర్లేదు. నిద్రమత్తులో ఉన్నప్పుడు పై పెదవి ఒకటి ఎత్తి చూస్తే చాలు. కరిస్తే వదిలేయండి, నన్నూ కరుస్తాయి. తిండి మానేస్తే మాత్రం రేపు చూద్దామనుకోవద్దు. కొద్దిరోజుల పస్తుకే, లావుపాటి పిల్లికైతే మరీ, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అప్పుడు నోటి జబ్బు పక్కనపెట్టి ముందు దానితో పోరాడాలి.