మామిడితోటకి మా విల్లీస్

నాన్నకి ఎనభై రెండేళ్లు. నడుంనొప్పి మొదలయ్యాక రెండేళ్లుగా రెడ్డిగూడెంలోని మా మామిడితోట మొహం చూడలేదు. కారులో తీసుకెళతానంటే ఒప్పుకోరు. 'వెళితే మన జీపులోనే' అంటారు. అదేమో అమెరికా విల్లీస్! రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల్ని మోసిన రకం. ఆ తర్వాత మహీంద్రా వాళ్లు వాటి విడిభాగాల్ని బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. బండి మొండిదే కానీ, రాయి తగిలిందంటే మన వెన్నులో పిడుగు పడ్డట్టే.

అందుకే మొన్న ఏప్రిల్లో విజయవాడ ఆటోనగర్‌లో చూపించా. 'ముందు కమాన్లు బలమైనవి వెయ్యండి' అంటే మేస్త్రి బండి కిందికి దూరి నవ్వాడు. 'పట్టీలు తక్కువై కాదండీ, ఎక్కువై కుదుపుతోంది' అన్నాడు. ఎప్పుడో ఒక పట్టీ విరిగితే, మళ్లీ విరక్కూడదని మందపాటివి రెండేసి కలిపేశారట. బరువు పడినప్పుడు కమాను సాగుతుంది. ఆ సాగుడుకి చోటివ్వాలంటే చివరనున్న షాకిల్ ఊగాలి. మా బండికి అదీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అదనపు పట్టీలు తీసేసి, మెయిన్ పట్టీలు, షాకిళ్లు, రబ్బరు బుష్షులు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేశాడు. బండి నాలుగు చక్రాలమీద నిలబడ్డాకే బుష్షుల దగ్గర ఆఖరి బిగింపు! ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా పోతుందట. 'వంద కిలోమీటర్లు తిరిగాక యూబోల్టులు మళ్లీ బిగించుకోండి' అని మరీమరీ చెప్పాడు.

తెల్లారకముందే బయల్దేరాం. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు దాటి మైలవరం చేరేసరికి వెలుగొచ్చింది. అక్కణ్నుంచి రెడ్డిగూడెం వైపు మళ్లగానే అటూఇటూ మామిడితోటలే. బంగినపల్లి, కలెక్టర్ కాయలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. తోటలోకి వెళ్లే మట్టిదారిలో పాత గుంట దగ్గర భయంగా బ్రేకు మీద కాలేశా. 'పోనీరా, ఏం కాదు' అన్నారు నాన్న. జీపు మెత్తగా దిగి లేచింది.

నిజానికి ఆ ముసలి చెట్లు కొట్టించి పామాయిల్ వేద్దామని నా ఆలోచన. ఆ మాట ఎలా చెప్పాలో తెలీక నసుగుతుంటే, నాన్న ఒక్కో చెట్టూ తడుముతూ నడిచారు. పైకి చూసి, 'లోపలికి ఎండ పడట్లేదురా. కాపు అయ్యాక అడ్డకొమ్మలు తీయించు, మళ్లీ కాస్తాయి' అన్నారు.

నా మాట నాలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి స్పానర్ తీసుకున్నా. యూబోల్టులు బిగించాలి... కొమ్మలు తీయించడానికి మళ్లీ వెళ్లాలిగా!